మిట్టచింత కింద కిక్కు కొట్టినవాడు

మిట్టచింత తెలియనివాళ్ళు మనలో ఎవరూ లేరు గదా. టౌను రోడ్డులో రెండో మిట్ట ఎక్కేచోట ఎడంపక్కన సగం కాలిపోయి నిలబడి ఉంటుంది, ఆ చింతచెట్టే. దాని కాయ ఎవరూ కొట్టరు, దాని నీడన మేకని కూడా కట్టరు. ఎందుకో మీ పెద్దవాళ్ళు సగం చెప్పి సగం మింగేసి ఉంటారు. నేను పూర్తిగా చెబుతాను గానీ ముందు ఆ పొయ్యిలోకి ఇంకో పుల్ల తొయ్యండి, ఈ ముసురుకి నా మోకాళ్ళు నా మాట వినటం లేదు.

మట్టిరోడ్డు రోజుల్లో వానాకాలం వస్తే ఆ మిట్టని ఏ బండీ ఒక్క ఊపున ఎక్కేది కాదు. లచ్చన్న అనే ఆయన ఆ చెట్టు కింద కూర్చుని, ఆగిన బండినల్లా తోసి, తోశాక తనూ ఎక్కి వెళ్ళేవాడు. తోసినవాణ్ణి ఎక్కించుకుని అడిగినచోట దింపటం మన వైపు మర్యాద, ఇప్పటికీ ఉందనుకోండి. ఒక ముసురు రోజున ఎవరిదో జీపు తోశాడట, అది మిట్టెక్కి ఆగకుండా పోయిందట, వెనక్కి వస్తుందేమోనని ఈయన తడుస్తూ చెట్టు కిందే నిలబడ్డాడట. అప్పుడే పిడుగు పడింది. అప్పట్నించీ అక్కడ బండి ఆగితే నెట్టుకుంటూ పోవాలే తప్ప సాయం పట్టమని నోరు తెరవకూడదు. అడిగితే ఆయన వస్తాడు, వచ్చినవాడు ఊరికే పోడు.

ఇప్పుడు సూరప్పడి సంగతి. టౌనులో మెకానిక్కు షెడ్డు నడిపేవాడు, షెడ్డంటే ఏముంది, నాలుగు రేకులు. అతనికో పాత క్రూజరు బండి ఉండేది, అదే, పడకకుర్చీలో కూర్చున్నట్టు కాళ్ళు ముందుకి చాపుకుని నడుపుతారే, అలాంటిది. ఎవరో తుక్కులో పడేస్తే తెచ్చుకుని రెండేళ్ళు కూర్చుని బాగుచేశాడు. ఎండాకాలం అది బంగారంలా తిరిగేది, చెమ్మ తగిలిందో మొండికేసేది. సెల్ఫు ఎప్పుడో చచ్చింది, కిక్కు కొట్టుకోవాల్సిందే.

అలా మొండికేస్తే ఏం చెయ్యాలో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ప్లగ్గు మీది టోపీ పీకి లోపలి చెమ్మ తుడవాలి, ప్లగ్గు విప్పి ఆరబెట్టాలి, ఆ ప్లగ్గుని ఇంజను ఇనుముకి ఆనించి పట్టుకుంటే ఇంకో మనిషి కిక్కు కొట్టాలి, నీలం రవ్వ లేచిందా బండి బతికున్నట్టు. ఆ బండికి ప్లగ్గు ఒకవైపు, కిక్కు ఇంకోవైపు, ఒంటిగాడి వల్ల అయ్యే పని కాదు. షెడ్డులో అతని తోడల్లుడు కొట్టేవాడు. సూరప్పడు ప్లగ్గు మీంచి కళ్ళు తియ్యకుండా “కొట్టు” అనేవాడు, అవతల కిక్కు పడేది. పదేళ్ళుగా అదే అలవాటు.

ఓ రోజు సాయంత్రం నాలుగింటికి, ఇలాంటి ముసురే, నిండు నెలల పెళ్ళాం పైడమ్మకి తోడుగా ఊళ్ళో ఉన్న అత్తగారు ఫోను చేసింది. పైడమ్మకి నొప్పులొస్తున్నాయి, బిడ్డ అడ్డంగా ఉందని డాక్టరమ్మ మొన్నే చెప్పింది గదా, ఇంట్లో పెట్టుకుంటే ఇద్దరూ దక్కరు, అంబులెన్సు ఎక్కడికో పోయిందంటున్నారు, నువ్వొచ్చి ఎలాగోలా ఆస్పత్రికి చేర్చు అంది. తోడల్లుడు ఊళ్ళో లేడు. సూరప్పడు ఒక్కడే బండి తీశాడు. షెడ్డులో వెచ్చగా ఉంది కాబట్టి అప్పుడు లేచింది, మిట్ట సగం ఎక్కాక తుప్పు తుప్పుమని ఆగింది. ఎక్కడ ఆగిందో నేను చెప్పాలా?

ముప్పై కిక్కులు కొట్టాడు. పెట్రోలు వాసన కొట్టింది గానీ బండి లేవలేదు. కళ్ళ ముందు పైడమ్మ తప్ప ఇంకేమీ లేదు. గబగబా టోపీ పీకాడు, ప్లగ్గు విప్పి బనీనుతో తుడిచాడు, చొక్కా అడ్డం పెట్టి అగ్గిపుల్ల గీసి వేడిచేశాడు, మళ్ళీ టోపీ తగిలించి ఇంజనుకి ఆనించి పట్టుకున్నాడు. పట్టుకుని, పాపం, అలవాటు చొప్పున, “కొట్టు” అన్నాడు.

కిక్కు పడింది.

చెయ్యి జివ్వుమంది, నీలం రవ్వ లేచింది. సూరప్పడు తల ఎత్తలేదు, ఎత్తే ధైర్యం ఎక్కడిది? ఇంజను కింది సందులోంచి చూస్తే అవతల రెండు పాదాలు కనిపించాయి. అంత బురద మీద నిలబడినా మడమకి చుక్క అంటలేదు.  పరిగెత్తుదామనుకున్నాడు గానీ పరిగెత్తితే పెళ్ళాన్ని ఎవరు తీసుకెళ్తారు? ప్లగ్గు బిగించి, చెమ్మ పోకుండా టోపీకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి, బండెక్కాడు. తను కాలు ఎత్తకముందే కిక్కు దిగింది, ఇంజను అందుకుంది. వెనక సీటు కిర్రుమని అణిగింది.

ఇంక చూసుకోండి, వీపంతా తడి గోనె కప్పినట్టుందట. సగం దారి గడిచాక, దింపెయ్యాలి గదా, ఎక్కడ దిగుతావు మావా అని అడిగాడు. చెవి పక్కన మాట వినపడింది.

“మీ ఇంటికాడే దిగుతాను అల్లుడూ. బాలింతకి కుంపటెడతారు గదా, నానూ కాసేపు కాగుతాను.”

సూరప్పడికి ఏడుపొచ్చింది. బండి ఆపితే ఈ చెమ్మకి మళ్ళీ లేవదు, ఆపకపోతే ఈ దయ్యాన్ని తిన్నగా పురిటింట్లోకి మోసుకెళ్ళినట్టు. ఊరి కల్వర్టు దగ్గర ఇంజను ఆపకుండానే స్టాండు వేసి దిగాడు. వెనక్కి చూడకుండా దణ్ణం పెట్టాడు. మావా, ఇది నేను చేతులారా బతికించుకున్న బండి, ఇవాళ్టినుంచి నీది, నీకెక్కడికి కావాలంటే అక్కడికి పో, మా గుమ్మం మాత్రం తొక్కకు అని చెప్పి పరుగందుకున్నాడు. కాసేపు ఇంజను ఉన్నచోటే ఆడింది. తర్వాత గేరు పడింది, బండి తిరిగి మిట్ట వైపు పోయింది.

ఇంటికెళ్ళి కుర్చీకి రెండు వెదుళ్ళు కట్టి, పైడమ్మని కూర్చోబెట్టి, నలుగురు మోసుకుంటూ బయల్దేరారు. టౌనుకి వేరే దారి లేదు గదా, మళ్ళీ మిట్ట మీదినుంచే పోవాలి. అక్కడ ఎవరూ నోరు తెరవద్దని అందరికీ చెప్పాడు. చెట్టు కింద బండి ఆడుతూనే ఉంది. మీద మనిషి లేడు గానీ ముందు సీటు అణిగి ఉంది.

నోరు తెరవద్దని పురిటి నొప్పుల మనిషికి ఎవరు చెప్పగలరు? పైడమ్మ చూసి, అది మన బండే గదా, దానిమీద తీసుకుపో, నావల్ల కావటంలేదు అంది. సూరప్పడు కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ, “మనది కాదే” అన్నాడు.

అప్పుడే ఇంజను దగ్గి ఆగిపోయింది, ముసురు కదా. కిక్కు మొదలైంది. ఒకటి, రెండు, పది. మోసేవాళ్ళు పరుగు లంకించుకున్నారు. వెనకనుంచి, అల్లుడూ, వచ్చి ప్లగ్గు పట్టుకో అని పిలుపు. పదేళ్ళ అలవాటు కదా, అతని కాళ్ళు నిజంగానే వెనక్కి తిరిగాయట. పైడమ్మకి ఏం అర్థమైందో ఏమో, అతని చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది, మిట్ట దిగేదాకా వదల్లేదు. అవతల అంబులెన్సు ఎదురొచ్చింది. ఆపరేషను చేసి బిడ్డని తీశారు, ఆడపిల్ల. కుంపటి మాత్రం ఆ ఇంట్లో పెట్టలేదు. బిడ్డ చలికి వణుకుతున్నా సరే, పెట్టనివ్వలేదు సూరప్పడు.

ఆ బండిని తర్వాత ఎవరూ చూడలేదు. ముసురు పడితే మాత్రం మిట్ట మీద కిక్కు వినిపిస్తుంది. కొట్టేవాడున్నాడు, పట్టుకునేవాడే లేడు. మీలో మెకానిక్కు పని తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, మీకే చెబుతున్నాను, ఎవరిదో బండి ఆగిపోయిందని జాలిపడి అటు వెళ్ళకండి. వెళ్తే ఆ బండి స్టార్టవుతుంది, అందులో అనుమానం లేదు. మీరు ఎక్కడ దిగుతారో మాత్రం నేను చెప్పలేను.