శాలువా కొస

బుఖారా యూదుల పేటలో, ప్రార్థన మందిరం ముంగిట మేనకోడలి పెళ్లి. వధూవరుల తలల మీద పందిరిగా ప్రార్థన శాలువాను నలుగురు మగవాళ్లు నాలుగు కొసలా ఎత్తి పట్టుకున్నారు. వెనక కొసలు రెండూ మేనమామలవి. గురువు ఏడు దీవెనలు మొదలుపెట్టేసరికే పెద్దాయన పట్టుకున్న కొస కిందికి జారసాగింది.

“కాస్త ఎత్తన్నయ్యా. కుచ్చులు పిల్ల కళ్లల్లో పడుతున్నాయి.”

“భుజం పీకేస్తోందిరా. ఇంకా ఎన్ని?”

“ఐదు. కర్రలకి కడదామంటే విన్నావా?”

“నీ పెళ్లికి చేతుల్తోనే పట్టాను. అప్పుడు నువ్వేమన్నా కర్రలడిగావా?”

“అప్పుడు కొస కోసం జనం కొట్టుకునేవాళ్లు.”

“ఇప్పుడు పేటలో మనవాళ్లు మిగల్లేదు, ముందు కొసకి ఆ గడియారాలు బాగుచేసే ముసలాణ్ణి బతిమాలి తెచ్చాం. సర్లే, చలికాలంలో మా అమ్మాయి మఫ్రాత్ పెళ్లికి కర్రలే కడదాం. నువ్వు మాత్రం నా పక్కనే నిలబడు.”

తమ్ముడు ముఖం పక్కకు తిప్పుకుని తన కొస సర్దుకున్నాడు.

“ఏరా?”

“వీసాలొచ్చాయి. మా ఇంటిల్లిపాదికీ, అక్కడే స్థిరపడ్డానికి. మంగళవారం విమానం.”

“ఎప్పుడొచ్చాయి?”

“పోయిన నెల. పెళ్లయ్యాక చెబుదామనుకున్నా.”

“ఇంకా అవలేదుగా! ఇంతలో ఏం తొందరొచ్చింది?”

“నువ్వే అడిగావు కదా.”

“అడిగితే చెప్పేయడమేనా?”

దీవెనలు ముగిసి, ఆచారం ప్రకారం వరుడి కాలి కింద గ్లాసు పగిలింది. అందరూ ఒక్కసారిగా ఆనందంతో కేకలేశారు. ముందు కొసల వాళ్లు శాలువా వదిలేసి వరుణ్ణి కావలించుకున్నారు. తమ్ముడూ తన కొస దించాడు.

“అయిపోయిందన్నయ్యా. వదులు.”

“వేళ్లు బిగుసుకుపోయాయిరా. నువ్వే వచ్చి విడదియ్యి.”