నలభయ్యో రోజు ఫొటో

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో ఒక కంప్యూటర్ల రిపేరు కొట్టు. రిపేరు కుర్రాడి ఎదురుగా స్వెతానా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఫొటోల ఫోల్డరు తెరిస్తే చాలు, కంప్యూటరు బిగుసుకుపోతోంది నాయనా. మా ఆయన పోయి రేపటికి నలభయ్యో రోజు. వీధి తలుపుకి ఆయన ఫొటోతో సంస్మరణ కాగితం అంటించాలి.”

“ఒక్క వీడియో పాడైందమ్మా. దాన్ని చదవలేక మొత్తం ఆగిపోతోంది. పక్కకి తీసేశాను. ఫొటోలన్నీ వస్తున్నాయి, చూడండి.”

“ఆ వీడియో ఏంటి?”

“‘స్వెతానాకి’ అని పేరుంది. ఫోన్లోంచి సగమే ఎక్కింది. ఎవరో తొందరపడి మధ్యలో వైరు పీకేశారు.”

“నేనే. శవపెట్టె మూసేస్తున్నారని పిలిచారు.”

“పోన్లెండమ్మా, అసలుది ఫోన్లో ఉంటుందిగా. తెచ్చివ్వండి.”

స్వెతానా సంచి పట్టీ నలిపింది.

“ఆ ఫోను ఆయన కోటు జేబులోనే పెట్టి పంపించాను నాయనా. అది లేందే ఆయన గడప దాటేవారు కాదు.”