పాపను ఇడిసే జాగా

నల్లగొండ బస్టాండులో అత్తాకోడళ్లు నార్కట్‌పల్లి బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. ఆరు నెలల పాప కోడలి ఒళ్లో నిద్రపోతోంది. సోమవారం నుంచి కోడలు మళ్లీ నర్సు ఉద్యోగానికి వెళ్లాలి.

“రెండు డేకేర్లు చూసినం గదా అత్తమ్మా, నీకేది నచ్చింది?”

“మొదటిది అద్దం లెక్క ఉంది బిడ్డా. గానీ గా బొమ్మల మీద ఒక్క పంటిగాటు లేదు. పిల్లలకు ఇస్తలేరు.”

“రెండోది ఇరుకిల్లు. ఒక పిల్లగాడు ఏడుస్తనే ఉండె.”

“ఏడుస్తుంటే గా డేకేరు నడిపేటామె వాణ్ణి సంకనెత్తుకొనే మనతోని మాట్లాడింది. మన పిల్ల ఎట్ల పండుకుంటదో అడిగింది. గాడనే ఇడుద్దాం.”

“మొదలు నువ్వే చూసుకుంటనంటివి. తర్వాత మేకలున్నయి, నాతోని కాదంటివి. నా మీద కోపమొచ్చిందా?”

“కోపం కాదు బిడ్డా. మొన్న పిల్లకు తానం పోసి లేపుతుంటే చెయ్యి పట్టు తప్పింది. కూసోని ఉన్న కాబట్టి నా ఒళ్లెనే పడ్డది. ఏం కాలే.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నౌకరి ఇడిసిపెడ్తవనుకున్న.”

కోడలు నిద్రపోతున్న పాపను మెల్లగా అత్త ఒళ్లో పడుకోబెట్టింది.

“సోమవారం పిల్లను గాడ ఇడిసి, నీ చెయ్యి మా డాక్టరుకు చూపిద్దాం. బస్సొచ్చేదాంక నీ దగ్గరనే పండనీ.”