నూట ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు

1991 ఆగస్టు పంతొమ్మిదవ తేదీన ఏలూరులోని మన ఛాతీ ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా చేరిన శ్రీ ఎలీయాజరు గారు, ముప్పై అయిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఊపిరి పరీక్ష గదిలో "ఊదండి, ఇంకా ఊదండి" అనే వారి కంఠం క్యాంటీన్ దాకా వినిపించేది. అక్కడ టీ తాగేవారు సైతం తెలియకుండానే ఊపిరి బిగబట్టేవారు.

తొలినాళ్లలో కొల్లేటి లంక గ్రామాల శిబిరాలకు వారు ఊపిరి కొలిచే యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని పడవల్లో వెళ్లారు. 2004లో కంప్యూటర్ యంత్రం వచ్చాక దాని లెక్కను రోగులకు ఓర్పుతో విడమర్చి చెప్పినదీ వారే. వయసు, ఎత్తు, ఆడా మగా చూసి, ఆ మనిషి ఇంత గాలి ఊదాలని యంత్రం అంచనా కడుతుంది. ఊదినది అందులో నూటికి ఎంతో కాగితం మీద చూపుతుంది. ఎనభై దాటితే ఫరవాలేదంటారు.

2012లో తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైసుమిల్లులో పనిచేసే సత్యవతి గారు ఆయాసంతో వచ్చారు. నడుము వంగిపోయిన మనిషి. ఎలీయాజరు గారు ఆమెను అలాగే నిలబెట్టి కొలిచి 138 అని నమోదు చేశారు. పొట్టి మనిషికి యంత్రం చిన్న అంచనా కట్టి, ఎనభై నాలుగు శాతం చూపింది. బాగానే ఉందని చెప్పి పంపేశారు. వెన్ను వంగినవారికి చేతులు చాపించి, బార కొలిచి ఎత్తు లెక్కగట్టాలని వారికి తెలియక కాదు. ఆ రోజు రోగుల వరుస గుమ్మం దాటిపోయింది.

మూడేళ్లకు ఆమె ఆక్సిజన్ సిలిండర్‌తో వచ్చారు. ఈసారి బార కొలిచి, పాత కాగితానికి లెక్క సరిచేస్తే, నాటి ఊపిరి అరవై ఆరు శాతమే. తప్పు తనదేనని ఎలీయాజరు గారు ఆమెతోనే చెప్పేశారు. ఆమె తిట్టి ఉంటే తేలికయ్యేదేమో.

"మీరు బాగుందన్నారు కదండీ," అన్నారామె, మాటమాటకీ ఆగుతూ. "అందుకే మళ్లీ మిల్లుకెళ్లానండి."

ఆమె ఆ వేసవి దాటలేదు.

అప్పటి నుంచి వారి జేబులో కొలత టేపు ఉంది. నిటారుగా నిలబడ్డ పోలీసునైనా బార చాపించనిదే వదిలేవారు కాదు. చాదస్తమని మేము నవ్వుకున్నాం, ఇప్పుడు సిగ్గేస్తోంది.

గత సోమవారం, తమ స్థానంలో చేరిన ఇందుజ గారికి ఆ టేపు అప్పగించి, సత్యవతి గారి సంగతంతా చెప్పారు. గురువారం వారు ఆ గదికి వెళ్లి చూస్తే వరుస మళ్లీ గుమ్మం దాటి ఉంది. ఇందుజ గారు తలెత్తకుండా "మీ ఎత్తెంతండీ?" అని అడిగి, చెప్పిన అంకెనే యంత్రంలో ఎక్కించేస్తున్నారు. ఎదుట ఉన్న వృద్ధుడి వీపు వంగిపోయి ఉంది. ఎలీయాజరు గారు సొరుగులోంచి టేపు తీశారు. ఆ వృద్ధుడి బార తామే కొలిచారు. నెలాఖరు తర్వాత ఎవరు కొలుస్తారో మాకూ తెలియదు.

ఈ సంచికలో తమ సేవల కన్నా ఆ తల్లి పేరు, ఆ రెండు శాతాలు అచ్చు వేయమని వారు కోరారు. వేశాం. శ్రీ ఎలీయాజరు గారు నిండు ఊపిరితో, ఆరోగ్యంతో పదికాలాల పాటు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. అంతా బాగుందని మాత్రం రాయవద్దన్నారు, రాయడం లేదు.