వరండాలో కుక్క

మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో యజమానురాలు ఉండేది ఏడాదికి ఒక్క నెల. తక్కిన రోజులన్నీ దుబాయ్ నుంచి కెమెరాలోనే చూసుకుంటుంది. ఆమె ఫోన్ రాగానే కాపలా ఉండే బాలనర్సమ్మ లేచి నిలబడి ఎత్తింది.

“నర్సమ్మా, వరండాలో ఊరకుక్క కనబడేది.”

“నేను బువ్వ పెట్టలే మేడమ్. అదే వచ్చి పండుకున్నది.”

“సోఫా ఎక్కింది కూడా.”

“కవర్లన్నీ ఉతికిన మేడమ్. జర ఈసారికి మాఫ్ చెయ్యిండ్రి.”

“రెండు రోజులుగా కనబడటం లేదేం?”

“ఇగ ఫికర్ లేదు మేడమ్. మా ఆయన ఆటోల తీస్కపోయి చేవెళ్లల ఇడిసిపెట్టి వచ్చిండు.”



“రోజూ టీ తాగుతూ దాన్నే చూసేదాన్ని. పేరు కూడా పెట్టుకున్నాను.”

బాలనర్సమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“మేం గూడ పెట్టినం, మేడమ్.”