వచ్చిన పని: రిపేరు

అయ్యలారా, అమ్మలారా, పిల్లలూ,

నాకు మాట్లాడటం రాదు. కాగితం మీద రాసుకొచ్చాను, చదువుతాను. కళ్ళజోడు పాతది. మధ్యలో ఆగితే ఏడుస్తున్నానని అనుకోకండి, అక్షరం కనపడక ఆగాననుకోండి.

చాలామందే వచ్చారు. కుర్చీలు చాలక గోడలకానుకుని నిలబడ్డారు. మంచిది. మన సైన్సు టీచరమ్మ ఆదివారం పొద్దున పోయారు. ఇంకో రెండు నెలలైతే రిటైరయ్యేవారు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అంతవరకు డాక్టర్ల మాట. మిగతాది నేను చెప్తాను.

నన్నెరగని వాళ్ళకు ఒక మాట. బడి వెనక వీధిలో మోటార్లకు వైండింగు కట్టే ముసలాణ్ణి నేను. కాలిపోయిన మోటారు తెస్తే, మాడిన తీగ లాగేసి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాను. నలభై ఏళ్ళుగా అదే పని. నోట్లో నాలుక లేనివాడని మా ఇంటావిడ అంటుంది. నిజమే. ఆ లేని నాలుక గురించే ఇవాళ చెప్పాలి.

ఇందాకటినుంచి వింటున్నాను. హెడ్‌మాస్టరు గారు ఆవిణ్ణి దీపం అన్నారు. పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి గారు ఆణిముత్యం అన్నారు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అనేది మా అమ్మ. బతికున్నప్పుడు ఆ కళ్ళు మీకు కనపడలేదా అయ్యా? ఆణిముత్యాన్ని రెండేళ్ళపాటు విరిగిన బెంచీల గదిలో పెట్టిందెవరు? దీపాన్ని తీసుకెళ్ళి సామాన్ల మధ్య పెట్టి తలుపు దగ్గరగా వేసిందెవరు?

హెడ్‌మాస్టరు గారు నాకు రెండు నిమిషాలిచ్చారు. సరిపోవు. క్షమించాలి.

ఆవిడ మూడో తరగతికి సైన్సు చెప్పేవారు. ఒకరోజు పిల్లల్ని అడిగారట, "సైంటిస్టు అంటే ఎవర్రా?" అని. ఒకడు గడ్డం తాతయ్య అన్నాడు. ఒకడు దూరదేశం ఆయన అన్నాడు. మూడో వరసలో కూర్చునే ఒక పిల్ల లేచి, "చచ్చిపోయినాయన టీచర్" అంది. క్లాసంతా నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. పుస్తకం తీసి చూపించింది. ప్రతి బొమ్మ కింద రెండు సంవత్సరాలు. పుట్టింది ఒకటి, పోయింది ఒకటి. బతికున్నవాడి బొమ్మ ఒక్కటి లేదు. ఆడమనిషి బొమ్మ ఒక్కటి లేదు. వాళ్ళ వీధిలో కనపడే మొహం అసలే లేదు.

ఆ పిల్ల చెప్పింది తప్పా? పుస్తకంలో ఉన్నదే చెప్పింది.

ఈ సంగతి టీచరమ్మ నాతో అన్నప్పుడు కోపంగా ఉన్నారు. "పిల్లలకి బతికున్నవాళ్ళని చూపించకపోతే, తెలివంటే శవాల దగ్గర ఉండేదనుకుంటారు" అన్నారు. ఆవిడ మెత్తటి మనిషని ఇందాక ఎవరో అన్నారు. ఎవరు చెప్పారు మీకు?

అదే నెలలో బడిలో నీళ్ళ మోటారు కాలింది. వెనక షెడ్డులో కూర్చుని వైండింగు కడుతున్నాను. ఆవిడ వచ్చి పక్కన నిలబడ్డారు. నేను చుట్లు లెక్కపెడుతుంటే మాట్లాడకూడదని ఎవరూ చెప్పకుండానే ఆవిడకి తెలుసు. లెక్క అయ్యాక అడిగారు, పది చుట్లు తక్కువేస్తే ఏమవుతుందని. తీగ తగ్గితే మోటారు కరెంటు ఎక్కువ లాక్కుంటుందమ్మా, వేడెక్కి మళ్ళీ మాడిపోతుంది అన్నాను. ఇంకా అడిగారు. ఇంకా చెప్పాను. నన్నెవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు. ఎప్పుడిస్తావని తప్ప.

లేచి వెళ్తూ, "గురువారం మూడో పీరియడుకి రండి" అన్నారు.

ఇంకో మోటారు కూడా కాలిందేమో అనుకున్నాను. గురువారం సంచి భుజాన వేసుకుని వచ్చాను. గేటు దగ్గర మన వాచ్‌మన్ రిజిస్టరు తీసి, "ఏం పనిమీద బాబాయ్?" అన్నాడు. ఏముంది, రిపేరన్నాను. "వచ్చిన పని" అనే గడిలో రిపేరని రాశాడు. ఆ మాట మొదట రాయించింది నేనే. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర తల దించుకుని ఏడుస్తున్నావు, నాయనా, నీ తప్పు కాదు. తల ఎత్తు.

లోపలికి వెళ్తే ఆవిడ నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్లలతో, "లేచి నమస్కారం చెప్పండి, మాస్టారు వచ్చారు" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరొచ్చారా అని.

ఆ రోజు మేకుకి తీగ చుట్టి, బ్యాటరీ పెట్టి, గుండుసూదులు లేపి చూపించాను. పిల్లలు కుర్చీ మీదికెక్కేశారు. ఆ మూడో వరస పిల్ల అడిగింది, "తాతా, కరెంటు ఉన్నప్పుడే మేకుకి ఎందుకు అయస్కాంతం వస్తుంది? తీసేస్తే ఎక్కడికి పోతుంది?" నలభై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాను, నాకా ప్రశ్న తట్టలేదు. తెలీదమ్మా అన్నాను. ఆవిడ బోర్డు మీద ఇంతేసి అక్షరాలతో 'తెలీదు' అని రాసి, దాని కింద గీత గీసి, అందరిచేతా నోటుబుక్కులో రాయించారు. "మాస్టారికి తెలీదు, నాకూ సరిగ్గా తెలీదు. వచ్చే గురువారంలోగా ఎవరు కనుక్కుంటారో చూద్దాం" అన్నారు.

ఆ నోటుబుక్కు ఒక పెద్దమనిషి చూశాడు. ఫీజులు కట్టి పంపిస్తే బడిలో నేర్పేది 'తెలీదు' అనా అని ఫిర్యాదు రాశాడు. ఆయన ఎవరో చెప్పను. ఇక్కడే ఉన్నారు. ఆ ఫొటో ముందు అందరికంటే పెద్ద పూలగుత్తి ఆయనదే.

నేనొక్కణ్ణే కాదు. బట్టలకు రంగులద్దే ఆవిడ వచ్చింది. మోచేతుల దాకా నీలం. ఎంత రుద్దినా పోని నీలం. ఆవిడ ఆ మూడో వరస పిల్ల తల్లి. అమ్మని గుమ్మంలో చూడగానే ఆ పిల్ల బల్ల కిందికి దూరింది. వాళ్ళమ్మ ఆఫీసులో పని చేస్తుందని అందరికీ చెప్పుకుందట మరి. తల్లి చూసింది. చూసి కూడా చూడనట్టే బల్ల దగ్గరికి వచ్చి, గ్లాసులో టీ డికాషను పోసి, అందులో తుప్పు నీళ్ళు ఒక్క చుక్క వేసింది. నల్లగా అయిపోయింది, సిరాలాగ. క్లాసంతా ఒక్క కేక. ఇంకో గ్లాసు పోసి, ఈసారి ఎవరేస్తారంది. బల్ల కిందనుంచి ఒక చెయ్యి పైకి లేచింది. మొహం ఇంకా కిందే ఉంది, చెయ్యి మాత్రం పైకి లేచింది.

దాన్ని పాఠం అనకపోతే ఏమంటారు, చెప్పండి?

ఆ రోజు రిజిస్టరులో ఏముందో తెలుసా? "వచ్చిన పని: బట్టలు."

కాన్పులు చేసే పెద్దమ్మ కూడా వచ్చింది. ఈ హాల్లో సగంమందిని భూమ్మీద పడేసింది ఆవిడే. గరాటాలాంటి చెక్క గొట్టం తెచ్చి, ఒకరి గుండె ఒకరిచేత వినిపించింది. పరిగెత్తించి మళ్ళీ వినమంది. ఎన్నిసార్లు కొట్టుకుందో రాయించింది. రిజిస్టరులో ఆ రోజు, "వచ్చిన పని: కాన్పు."

నవ్వండి. నేనూ నవ్వాను. కానీ ఆ ఫిర్యాదు మీద విచారణకొచ్చిన అధికారి నవ్వలేదు. ఈ బడిలో కాన్పు ఎవరికి జరిగిందని సీరియస్‌గా అడిగారు. అప్పుడు హెడ్‌మాస్టరు గారి మొహం చూడాలి, తామే నీళ్ళాడినట్టు అయిపోయారు.

ఇంకో మాట కూడా ఆ రిజిస్టరులో ఉంది. ఒక పెద్ద కంపెనీ ఇంజినీరు కోటు వేసుకుని వచ్చాడు. ఆయనకి రాసింది "అతిథి ఉపన్యాసం". ఇదే హాల్లో గంటన్నర మాట్లాడాడు. పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోయారు. మధ్యలో మైకు పాడైతే నన్ను పిలిచారు. గురువారాలు మొదలయ్యాక ఆ ఒక్కరోజు మాత్రం నేను వచ్చింది నిజంగా రిపేరుకే.

ఇప్పుడు నా సంగతి. దీనికోసమే మైకు పట్టుకున్నాను.

రెండేళ్ళ క్రితం, హెడ్‌మాస్టరు గారి గదిలో విచారణ జరిగింది. ఇందాక ఆణిముత్యం అన్నది ఈ అధికారి గారే, ఆ రోజు విచారణ చేసిందీ ఈయనే. బల్ల మీద గేటు రిజిస్టరు. టీచరమ్మ గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఆవిడకి కుర్చీ వెయ్యలేదు. నన్ను పిలిచారు. "పదిహేడు గురువారాలు వచ్చావు. ఏం పనిమీద?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "ఏం చదువుకున్నావు?" అన్నారు. ఐదో తరగతి అన్నాను. ఆయన హెడ్‌మాస్టరు గారి వైపు తిరిగి, "ఐదో తరగతి చదివినాయన మూడో తరగతికి సైన్సు చెప్పాడట" అన్నారు. ఇద్దరూ నవ్వారు.

మళ్ళీ నన్ను అడిగారు, ఏం పనిమీద వచ్చావని.

టీచరమ్మ నా వైపు చూశారు. చూశారంతే.

రిపేరుకేనండి అన్నాను.

అయ్యలారా, ఆ మాట అన్నది నేను. ఎవరూ నన్ను కొట్టలేదు. ఎవరూ బెదిరించలేదు. ఇద్దరు చదువుకున్నవాళ్ళు నవ్వితే సిగ్గేసింది, అంతే. పదిహేడు గురువారాలు నన్ను మాస్టారని పిలిచిన మనిషిని ఆ సిగ్గుకి అమ్మేశాను. గదిలోంచి బయటపడి గేటు దాకా వెళ్ళిపోయాను. వెనకనుంచి ఆవిడ వచ్చారు. "మాస్టారూ, సంచి మర్చిపోయారు" అని చేతికిచ్చారు. అప్పుడు కూడా మాస్టారూ అనే.

ఆవిడకి మెమో ఇచ్చారు. అందులో మాట నాకు కంఠతా వచ్చు. "సదరు తరగతిలో సైన్సు పాఠాలు జరగలేదు. రిపేరు పనివారిని తరచూ తరగతిలోకి అనుమతించారు." ఆవిణ్ణి మూడో తరగతి నుంచి తీసి సామాన్ల గదికి వేశారు. విరిగిన బెంచీలకు నంబర్లు వెయ్యమన్నారు. ఆవిడ మూడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. బదిలీ అడగలేదు. క్షమాపణ అడగలేదు. ఆ మొదటి వాక్యం కొట్టేయండి, పాఠాలు జరిగాయని రాయండి చాలు అన్నారు. జవాబు రాలేదు. గోడకి చెప్పుకున్నా ఏదో ఒక చప్పుడు వెనక్కి వస్తుంది.

మెమో ఆవిణ్ణి చంపిందని నేననను. తెలియని మాట చెప్పకూడదు, అది ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఒకటి తెలుసు. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి ఫైలులో ఇవాళ్టికీ ఆఖరి మాట "పాఠాలు జరగలేదు" అని ఉంది. ఆవిడ పోయారు, ఆ మాట బతికే ఉంది. ఇది మీకు నిద్ర పట్టనిస్తుందా అధికారి గారూ? నాకు పట్టనివ్వడం లేదు.

మా మనవరాలు ఇప్పుడు అదే మూడో తరగతి. మొన్న ఇంట్లో కూర్చుని సైన్సు చదువుతోంది. ఏం చదువుతోందని విన్నాను. బొమ్మల కింద సంవత్సరాలు బట్టీ పడుతోంది. ఫలానా ఆయన ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు పోయాడు. నేను పక్కనే రాగితీగ సాపు చేస్తున్నాను. నా వైపు ఒక్క ప్రశ్న రాలేదు. ఎందుకొస్తుంది? తాత రిపేరు మనిషి కదా.

అందుకని ఒక కాగితం రాశాను. చిన్నదే. "మేము ఈ బడికి వచ్చింది పాఠం చెప్పడానికి. చెప్పాము. టీచరమ్మ గారు పక్కనుండి చెప్పించారు. మెమోలో రాసింది అబద్ధం. విచారణలో నేను చెప్పింది కూడా అబద్ధం." కింద నా సంతకం ఉంది. రంగుల ఆవిడ సంతకం ఉంది, పక్కన నీలం వేలిగుర్తు కూడా అంటుకుంది, దాన్ని తుడవలేదు. పెద్దమ్మ వేలిముద్ర ఉంది. అడుగున, ఆ రోజు బల్ల కింద దాక్కున్న పిల్ల తన చేత్తో రాసింది, "నేను నేర్చుకున్నాను" అని. ఇంకా స్థలం ఉంది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ హాల్లో వందమంది లేరా? పెళ్ళిళ్ళై పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు కదా, సంతకాలు రావా?

హెడ్‌మాస్టరు గారూ, గురువారం మూడో పీరియడుకి నేను వస్తాను. కొత్త టీచరమ్మ రమ్మంటేనే లోపలికి వెళ్తాను, రమ్మనకపోతే గేటు దగ్గర నిలబడతాను. ఏం పనిమీద అని అడిగితే ఏం చెప్పాలో ఈసారి నాకు తెలుసు.

నా మాటలైపోయాయి. ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు, గొంతు ఆరిపోయింది.

ఇప్పుడు లేచి నిలబడి మౌనం పాటించమని అడగాలట. అడుగుతాను. మనకి అలవాటైన పనే. రెండేళ్ళుగా ఆవిడ విషయంలో పాటిస్తూనే ఉన్నాం, ఎవరూ అడక్కుండానే, కుర్చీల్లో కూర్చుని. అందరికంటే ముందు నేను. ఇవాళ నిలబడి పాటిద్దాం. రెండు నిమిషాలు. ఆవిడ విషయంలో మనం ఊరుకునేది ఇదే ఆఖరుసారి కావాలి. అయ్యాక ఎవరూ గుమ్మం వైపు వెళ్ళకండి. కాగితం ఈ బల్ల మీద ఉంది, కలం నా దగ్గరుంది. అధికారి గారూ, మొదటి వరసలో ఉన్నారు, మీతోనే మొదలుపెడదాం.

లేవండి.