‘వచ్చును’ నుంచి ‘వలెను’ దాకా

ముప్పై నాలుగేళ్ల కిందట, జూన్ మూడో తేదీ ఉదయం, ఈ శాసనసభ భవనంలోని ముసాయిదా విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు మేడమ్ గారు ఒంటరిగా రాలేదు. కింది అంతస్తులోని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా ఉన్న వారి అక్కగారు గుమ్మం దాకా వెంట వచ్చి, "మా చెల్లెలండీ. కామా సరిగ్గా పడందే అన్నం కూడా తినదు. కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని మాకు అప్పగించి వెళ్లారు. నేను అప్పటికి ఏడాది పాతవాణ్ణి కనుక సీనియరునన్న హోదాతో గంభీరంగా తల ఊపాను. ఆ హోదా నెల కూడా నిలవలేదు. నా ముసాయిదాలను వారే దిద్దడం మొదలుపెట్టారు.

కిటికీ తలుపు సగమే మూసుకునే ఆ గదిలో, తడి గొడుగులు ఆరేసిన కుర్చీల నడుమ, మేడమ్ గారు అసిస్టెంటు నుంచి సెక్షన్ ఆఫీసరుగా, ఆపై ఉప కార్యదర్శిగా ఎదిగారు. ఎన్నో చట్టాలకు అక్షరరూపం ఇచ్చారు. వాటిలో ఒక్కదాని మీదా వారి పేరు ఉండదు. మా ఉద్యోగమే అటువంటిది. మెప్పు సభ్యులకూ, తప్పు మాకూ.

వారు చేరిన ఆరో ఏట, సభ జరుగుతుండగానే, కింది అంతస్తులో మంటలు లేచాయి. ముగ్గురు ఆపరేటర్లు కుర్చీల్లోంచి కదలకుండా పై అంతస్తుల్లోని ఒక్కొక్క గదికీ ఫోను చేసి దారి చెప్పారు. మా గదిలో ఫోను ఎత్తింది మేడమ్ గారే. "ముందు మెట్ల నిండా పొగే. అందర్నీ తీసుకుని వెనక గుమ్మంలోంచి దిగు. నేను వచ్చేస్తాలే, ముందు నువ్వు దిగవే" అన్నారట అక్కగారు. మేమందరం దిగాం. ఆ ముగ్గురూ రాలేదు. నేను ఇవాళ కూర్చుని ఈ వ్యాసం రాస్తున్నానంటే ఆ ఫోను చలవే.

ఆ ఎక్స్ఛేంజి గదిలోనే ముగ్గురి స్మారకంగా ఒక ప్రదర్శన ఏర్పాటు చేయాలని చాలాకాలానికి ఒక సభ్యుడు బిల్లు తెచ్చారు. సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. రెండోసారి తెస్తే కమిటీకి వెళ్లి అక్కడే నిద్రపోయింది. మూడోసారి ముసాయిదా రాసే పని మేడమ్ గారికే వచ్చింది. అసలు కథ అక్కడే ఉంది కనుక ఆ మధ్యాహ్నం నేను చెవులారా విన్న సంభాషణను ఇక్కడ చెప్పక తప్పదు.

"ప్రభుత్వము ప్రదర్శనను ఏర్పాటు చేయవచ్చును అని రాశారేంటమ్మా? చేయవలెను అని పెట్టండి" అన్నారు అప్పటి కార్యదర్శిగారు.

"వద్దు సార్. వాళ్లక్క కోసం రాసుకుందంటారు. వచ్చును చాలు. మంచి పనే కదా, చేయకపోతారా?"

బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులందరూ లేచి మౌనం పాటించారు. ఆ తరువాత పదకొండేళ్లు ప్రభుత్వమూ మౌనమే పాటించింది. భవనాల విభాగాన్ని ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "చేయవచ్చును అనే కదండీ ఉంది? చూద్దాం." ఈలోగా ఆ గదిలోకి విరిగిన కుర్చీలు, పాడైన ఫ్యాన్లు, ఎవరివో పాత నేమ్‌బోర్డులు చేరాయి. మా కుర్రకారు మేడమ్ గారికి ‘వచ్చునమ్మ గారు’ అని పేరు పెట్టారు. విని వారు నవ్వేవారు. వారి భర్తగారైతే, "ఇంట్లోనూ అంతేనండీ. టీ తాగవచ్చును అంటుంది, పెట్టేది మాత్రం నేనే" అని మా అందరినీ నవ్వించేవారు.

కానీ ఒకరోజు, ఆ గదిలోకి ఇంకో విరిగిన బీరువాను తోస్తుంటే వరండాలో నిలబడి చూస్తూ, వారు నాతో అన్న మాట నవ్వు తెప్పించేది కాదు.

"చేయవచ్చును అంటే చేయకపోవచ్చును అని కూడానండీ. నాకు తెలియకనా? జీవితమంతా అదే పని. వేరే ఎవరి అక్కో అయ్యుంటే వలెను అనే రాసేదాన్ని."

నిప్పులో కూర్చుని తనకు దారి చెప్పిన మనిషికి, నలుగురూ ఏమనుకుంటారోనని, న్యాయంగా రావలసింది కూడా రాయలేకపోయానన్న బాధను పదకొండేళ్లు మోశారు వారు. అంత నిజాయతీ మనిషిని ఎంత అలసిపోజేస్తుందో నేను దగ్గరగా చూశాను. మెచ్చుకోవడానికి మాటలున్నాయి గాని, మెచ్చుకోబుద్ధి కాలేదు.

ఈ ఏడాది ఆ చట్టానికి సవరణ వచ్చింది. మారింది ఒక్క మాట. దానికొక గడువు తోడైంది. ‘ఆరు నెలలలోగా ఏర్పాటు చేయవలెను.’ ముసాయిదా రాసింది మళ్లీ మేడమ్ గారే. "ఈసారి ఏమైనా అంటారేమోనమ్మా" అని ఇప్పటి కార్యదర్శిగారు సందేహించారు.

"అననీయండి సార్. మా అక్క కోసమే రాశాను."

సవరణ కిందటి సమావేశాల్లో నెగ్గింది. విరిగిన కుర్చీలు బయటికి వెళ్లాయి. అద్దాల పెట్టె వచ్చింది. అందులో పెట్టవలసిన స్విచ్‌బోర్డు, ముగ్గురి ఫొటోలు ఇంకా రాలేదు; ప్రస్తుతానికి ఆ పెట్టె మీద మా వాళ్లు టీ ఫ్లాస్కు పెడుతున్నారు. గడువు ఇంకా నాలుగు నెలలుంది. మేడమ్ గారి సర్వీసు మాత్రం ఈ నెలాఖరుతో ముగుస్తున్నది. ముప్పై నాలుగేళ్లు నడిచిన ఈ భవనంలోకి ఆ ప్రారంభోత్సవానికి వారు సందర్శకుల పాసు తీసుకుని రావలసిందే.

వచ్చే ఏడు నా వంతు. నాకూ ఒళ్లు అలసింది, శుభాకాంక్షల మాటలన్నీ ఇతరుల కోసం రాసి రాసి అరగదీశాను. అందుకే, మేడమ్ గారూ, మీ దగ్గర నేర్చుకున్న భాషలోనే రాస్తున్నాను. తాము ఇకపై వేళకు భోజనం చేయవలెను. బావగారు పెట్టిన టీ వేడిగా ఉండగానే తాగవలెను. ఆ గది తలుపు తెరిచే రోజున అందరికన్నా ముందు లోపలికి నడవవలెను. ఆ తరువాత కూడా చాలాకాలం ఆయురారోగ్యాలతో ఉండవలెను. ఈ చివరి వాక్యంలో మాట మార్చడానికి ఎవరికీ అధికారం లేదు, మీకు కూడా.